వెనక బారు లేని ట్రైలర్‌కి లోడు ఎందుకిస్తున్నారు?

విశాఖపట్నంలో ట్రైలర్లకు సరుకెక్కించి పంపే ఓడరేవు, ఉక్కు, కంటైనర్ యార్డుల యాజమాన్యాలకు. ఆ బండ్లకు ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇచ్చే రవాణా శాఖ అధికారులకు. విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల రోడ్డు భద్రతా కమిటీలకు అధ్యక్షత వహించే కలెక్టర్లకు



"వెనక రబ్బరు బిగించాం కదండీ, ఇంకేం కావాలి?"

లోడవుతున్న ఒక ట్రైలర్ వెనక భాగం చూపించి, ఇక్కడ బారు ఏదని ఒక యార్డు గేటు దగ్గర అడిగితే నాకు వచ్చిన జవాబు ఇది. అడ్డంగా ఉండాల్సిన ఇనుప బారు ఆ బండికి లేదు. దాన్ని కోసేసిన చోట రెండు మొండి ముక్కలు మిగిలాయి. వాటికి పాత కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి బోల్టులతో బిగించి ఉంది. కాగితాలు చూశారు, కాటా వేశారు, సంతకం పడింది, బండి రోడ్డెక్కింది. ఆ జవాబిచ్చిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన చూడాల్సినవంటూ పైవాళ్లు ఇచ్చిన జాబితాలో ఆ బారు లేదు, అంతే. ఆ జాబితా రాసేది మీరు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఆ బారు ఎందుకుందో మీకు తెలియదని నేననుకోను. అయినా ఒకసారి చెప్పనివ్వండి, ఎందుకంటే తెలిసినవాళ్లే దాన్ని చిన్న విషయంగా చూస్తున్నారు. ట్రైలర్ డెక్కు నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటుంది. కారు బంపరు ఎత్తు అడుగున్నర, మహా అయితే రెండడుగులు. మధ్యలో బారు లేకపోతే వెనక నుంచి వచ్చిన కారు డెక్కు కిందికి దూరిపోతుంది. బంపరుకి ఏదీ తగలదు, బానెట్‌కి ఏదీ అడ్డు రాదు. డెక్కు అంచు నేరుగా అద్దాన్ని, ఆ వెంటనే లోపల కూర్చున్నవాళ్ల తలల్ని తాకుతుంది. కారు ముందు భాగాన్ని నలిగిపోయేటట్టు తయారుచేసేది, నలిగి ఆ దెబ్బను తను తినడానికి. సీటు బెల్టూ ఎయిర్‌బ్యాగూ ఆ నలగడాన్ని నమ్ముకొనే పనిచేస్తాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లకు భద్రతా నక్షత్రాలిస్తున్నారు. ఆ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు భాగానికి ఎదురుగా నిలబెట్టిన అడ్డుకి గుద్దిస్తారు. అప్పు చేసి అయిదు నక్షత్రాల కారు కొనుక్కున్న మధ్యతరగతి మనిషికి, అదే కారుతో బారు లేని ట్రైలర్‌ని గుద్దితే ఆ నక్షత్రాల్లో చాలామటుకు అక్కరకు రావని ఎవరు చెప్పారు? ముందు భాగానికి తగలని దెబ్బ నుంచి ముందు భాగం ఎలా కాపాడుతుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్దుకోవడమంటే సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడటంతో సమానం. అంత దెబ్బకి కన్వేయర్ బెల్టు ముక్క ఏం చేస్తుంది?

రబ్బరు మీద నాకు పగ లేదు. దాని పని దానికుంది. విదేశాల్లో గుర్రాలను తీసుకెళ్లే ట్రైలర్ల వెనక అంచుకి రబ్బరు బంపరు బిగిస్తారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గుర్రం కాళ్లు ఇనుప అంచుకి కొట్టుకొని చీరుకుపోకుండా అది కాస్తుంది. గోదాముల ర్యాంపుల దగ్గర గోడకు రబ్బరు దిమ్మలు బిగించేది, నెమ్మదిగా రివర్సులో వచ్చిన లారీ గోడనీ తననీ పాడుచేసుకోకుండా ఉండటానికి. మెల్లగా తగిలేవాటికి రబ్బరు మంచిది. దీని గురించి మీలో ఓడరేవు నడిపేవారికి నేను చెప్పాలా? మీ బెర్తుల పొడవునా ఫెండర్లు ఉన్నాయి. వేల టన్నుల ఓడ వచ్చి ఆనుకున్నా దాని పొట్టు లేవకుండా, బెర్తు పగలకుండా కాచేది ఆ రబ్బరే. కానీ ఆ రబ్బరు వెనక కాంక్రీటు గోడ ఉంది. గోడ కదలకుండా నిలబడింది కాబట్టి రబ్బరు నలిగి ఓడ ఊపును పీల్చుకోగలుగుతోంది. గోడ తీసేసి ఫెండర్ ఒక్కటీ తాళ్లతో వేలాడదీస్తే మీ పైలట్ ఏ ఓడనైనా ఆ బెర్తుకి తెస్తాడా? 1933లో మొదటి ఓడ వచ్చిన నాటి నుంచి ఓడ చర్మం కోసం ఇంత శ్రద్ధ తీసుకుంటున్న ఊరు, ఆ ఓడలో దిగిన సరుకు మోసే బండి వెనక వచ్చే మనిషి విషయంలో వెనక గోడ లేని రబ్బరుతో ఎందుకు సరిపెట్టుకోవాలి?

బారుకి రబ్బరు తొడిగితే నాకు సంతోషమే. బారు లేకుండా రబ్బరు మాత్రం బిగిస్తే అది బంపరు అవదు. ఉందన్న భ్రమ కల్పిస్తుంది కాబట్టి, అసలేదీ లేకపోవడం కంటే అది ఎక్కువ హాని చేస్తుంది. ఖాళీగా కనిపించే వెనక భాగాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. నల్లగా ఏదో అడ్డంగా కనిపిస్తే తనిఖీ చేసే కన్ను అక్కడ ఆగకుండా ముందుకు పోతుంది.

చట్టంలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. భారత ప్రమాణం ఐఎస్ 14812 వెనక బారు ఎలా ఉండాలో చెబుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు నేలకీ బారు అడుగు అంచుకీ మధ్య 550 మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు. బారు పట్టీ వెడల్పు కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి. పొడవులో వెనక ఇరుసుకి సాటిరావాలి. రెండు పక్కలా చెరి 100 మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదు. ఇన్ని టన్నుల తోపుకి వంగకుండా తట్టుకోవాలని పరీక్ష కూడా పెట్టింది. పొడవైన దుంగల్లాంటివి మోసే కొన్ని ప్రత్యేక ట్రైలర్లకు ఇలాంటి ప్రమాణాల్లో మినహాయింపులుంటాయి, నిజమే. కానీ 12 మీటర్ల ఇనుప కడ్డీల కట్ట 40 అడుగుల ట్రైలర్ మీద పూర్తిగా సరిపోతుంది. ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే వైర్ రాడ్ చుట్టకి గానీ, కంటైనర్‌కి గానీ ఆ మినహాయింపుతో ఏం పని?

కడ్డీల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బండి హద్దు దాటి వెనక్కి పొడుచుకొచ్చేటట్టు లోడు చేస్తే మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానా ఉంది. ఆ పొడుచుకొచ్చిన సరుకు దింపించే ఖర్చూ వాళ్లదే. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన సెక్షన్ ఇది. అయినా కడ్డీల కొసకి ఎర్రగుడ్డ ఒకటి కట్టి, అదే అనుమతిపత్రం అన్నట్టు బండి నడిపే అలవాటు పోలేదు. పొద్దుగూకాక ఆ ఎర్రగుడ్డ ఎవరికి కనిపిస్తుంది?

ఇక 190వ సెక్షన్ చూడండి. రోడ్డు మీద జనానికి ప్రమాదం తెచ్చే లోపమున్న బండిని నడిపినవారితో పాటు, నడిపించినవారినీ నడవనిచ్చినవారినీ కూడా అది తప్పుపడుతుంది. ఆ లోపం వాళ్లకు తెలిసి ఉండాలి, లేదా మామూలు శ్రద్ధ పెడితే తెలిసేదై ఉండాలి. నడవనిచ్చినవారు అన్న మాట దగ్గర మీరందరూ ఒక్క క్షణం ఆగాలని కోరుతున్నాను. కోర్టులో ఆ మాట ఎంతవరకు సాగుతుందో న్యాయవాదులు వాదించుకోవచ్చు. నేనడిగేది మామూలు మనిషి అడిగేది. బండి మీ ఆవరణలోకి ఖాళీగా వచ్చింది. మీ క్రేను సరుకు ఎక్కించింది. మీ కాటా మీద నిలబడింది. మీ మనిషి చుట్టూ తిరిగి చూశాడు. బారు లేదని తెలియడానికి ఇంతకంటే ఎంత శ్రద్ధ కావాలి?

"వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు" అన్నది ఇక్కడ అందరి నోటా వినిపించే మాట. చాలాసార్లు అది నిజమే కావచ్చు. వేగంగా వస్తారు, దూరం పాటించరు, కునుకు తీస్తారు, ఫోను చూస్తారు. ఒప్పుకుంటాను. అయితే ఆ కారులో వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడు చేసిన తప్పేమిటి? నడిపినవాడి క్షణకాలపు పొరపాటుకి నలుగురి తలలూ మూల్యమా? తప్పు ఎవరిదో తేల్చడానికి పోలీసులున్నారు, ట్రిబ్యునళ్లున్నాయి. బారు ఆ లెక్కలు చూడదు. తప్పు చేసినవాణ్నీ చేయనివాణ్నీ కలిపి బతికిస్తుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ప్రమాదాల రకాల్లో వెనక నుంచి గుద్దుకున్నవే అన్నిటికంటే ఎక్కువ, ఇంచుమించు అయిదో వంతు. అవన్నీ లారీల వెనక జరిగినవని నేననడం లేదు. కానీ ఇంత తరచుగా జరిగే పొరపాటును ముందే ఊహించి కాచుకోవడం ప్రభుత్వానికీ పరిశ్రమకీ ధర్మం కాదా?

2017 జూన్‌లో ఒక రాత్రి శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగి ఉన్న లారీని కారు ఢీకొని నటుడు భూపతిరాజు భరత్ చనిపోయారు. ప్రసిద్ధ నటుడి తమ్ముడు కాబట్టి రెండు రాష్ట్రాలూ ఆ వార్త విన్నాయి. నాలుగు రోజులు అందరూ వేగం గురించి మాట్లాడారు. లారీలు చీకట్లో రోడ్డు మీద ఎందుకు ఆగుతున్నాయి, వాటి వెనక ఏముండాలి అన్న చర్చ మాత్రం పెద్దగా సాగలేదు. పేరున్న మనిషి పోయినప్పుడే అంత త్వరగా మరిచిపోతే, షిఫ్టు దిగి స్కూటర్ మీద ఇంటికెళ్లే కాంట్రాక్టు కార్మికుడి సంగతి ఎవరికి పడుతుంది?

ఈ విషయంలో అమెరికా చరిత్ర చూస్తే మన ముందున్న దారి ఎంత పొడవో తెలుస్తుంది. లారీ ట్రైలర్ల వెనక బారు ఉండాలని అక్కడ 1950ల మొదట్లోనే నియమం వచ్చింది. కానీ బారు నేలకు 30 అంగుళాల ఎత్తున ఉన్నా చాలన్నారు. ఎంత దెబ్బ తట్టుకోవాలో చెప్పలేదు. 1967 జూన్ 29న తెల్లవారకముందు లూసియానాలో దోమల మందు పొగ కొట్టే బండి వల్ల రోడ్డు కనిపించక ఒక పెద్ద ట్రైలర్ నెమ్మదించింది. వెనక వస్తున్న కారు దాని కిందికి దూసుకుపోయింది. సినీతార జేన్ మాన్స్‌ఫీల్డ్‌తో సహా ముందు సీట్లోని ముగ్గురు పెద్దవాళ్లూ చనిపోయారు. వెనక సీట్లోని ఆమె పిల్లలు బతికారు. ఆ బారుకి జనం ఇప్పటికీ ఆమె పేరే పెట్టి పిలుస్తారు. అయినా ఎత్తును 22 అంగుళాలకు తగ్గించి, బలానికి పరీక్ష పెట్టిన నియమం అమలులోకి వచ్చింది 1998లో. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారును ఆపగలగాలని దాన్ని 2022లో మళ్లీ గట్టిపరిచారు. అంత ప్రసిద్ధురాలు చనిపోయాక కూడా ముప్పై ఏళ్లు పట్టింది. మనకి ఆ ముప్పై ఏళ్ల ప్రయాణం అక్కర్లేదు. 22 అంగుళాలంటే ఇంచుమించు మన 550 మిల్లీమీటర్లే. నియమం చేతిలో ఉంది. అమలు చేసే చెయ్యి కావాలి.

ఈ బాధ ఊరందరిది ఎందుకో చూడండి. కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ దాకా పోర్టు రోడ్డు, అక్కడి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి, లంకెలపాలెం మీదుగా జాతీయ రహదారి, ఇటు సింధియా, మల్కాపురం దారి. ఇవి ట్రైలర్లు మాత్రమే తిరిగే రోడ్లు కావు. ఉక్కు షిఫ్టులకి, ఫార్మా కంపెనీలకి, షిప్‌యార్డుకి వెళ్లే వేలమంది రెండు చక్రాల మీద ఇవే దారుల్లో పోతారు. కాలేజీ బస్సులు పోతాయి, ఆటోలు పోతాయి, విమానాశ్రయానికి పరుగెత్తే కార్లు పోతాయి. రాత్రి పదిన్నరకి బి షిఫ్టు దిగిన మనిషి, పది గంటలు కంటైనర్ కోసం వంతులో కూర్చుని అలసిపోయిన ట్రైలర్ డ్రైవరు, ఇద్దరూ ఒకే చీకటి రోడ్డు మీద ఉంటారు. ఎవరి కన్ను ముందు మూతపడుతుందో ఎవరు చెప్పగలరు?

వంతులో కూర్చోవడం అన్నాను. ఇది మీ సంస్థల లోపలి విషయమే. డ్రైవర్లు రోడ్డు వార బండ్లు ఆపుకోవడానికి బద్ధకమో పొగరో కారణం కాదు. లోపలికి పిలుపొచ్చేదాకా నిలబడటానికి చోటు కావాలి, అన్నం వండుకోవడానికి నీళ్లు కావాలి, ఒళ్లు వాల్చడానికి గంటసేపు కావాలి. మీ గేటు పిలిచే వేళ తెలియకపోతే అతను దూరంగా ఎక్కడికో వెళ్లి ఆగలేడు. ఆగిన ట్రైలర్ వెనక లైటు వెలగదు. బొగ్గుపొడి, ఇనుప ఖనిజం దుమ్ము మోసే ఈ ఊళ్లో వెనక అతికించిన ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ నాలుగు ట్రిప్పులకే నల్లబారిపోతుంది. పట్టీ ఉందని కాగితం చెబుతుంది. దాని మీద పడిన హెడ్‌లైటు వెలుతురు మాత్రం వెనక్కి రాదు. బారూ పోయి, పట్టీ మసిబారి, లైటూ ఆరిన బండి రోడ్డు వార నిలబడి ఉంటే, దాని దాకా వచ్చేవరకు వెనకవాడికి ఏం కనిపిస్తుంది?

బారు తీసేయడానికి యజమానులు చెప్పే కారణాలు నేను విన్నాను, వాటిలో నిజం లేదనను. పట్టాలు దాటే చోట, ఎత్తైన స్పీడు బ్రేకర్ దగ్గర, ర్యాంపు మీదికి వెనక్కి వెళ్లేటప్పుడు బారు నేలకు తగులుతుంది, వంగుతుంది. వంగినదాన్ని సరిచేయించడం కంటే గ్యాస్ కట్టర్‌తో కోసేయడం సులువు. మళ్లీ కొత్తది వేయించాలంటే ఒక రోజు బండి ఆగాలి. ఒకటి రెండు బండ్లతో, ఫైనాన్స్ కిస్తీలతో నెట్టుకొస్తున్న యజమానికి ఆ ఒక్క రోజూ భారమే. అందుకే ఈ బరువంతా వాళ్ల నెత్తిన వేసి జరిమానాలతో ముగించవద్దని అడుగుతున్నాను. నేలకు తగిలే చోట పైకి మడిచి, రోడ్డెక్కాక కిందికి దించే బారును అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి. ఆటోనగర్‌లో ఇనుముతో ఏ పనైనా చేయగల వెల్డర్లున్నారు. ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలిచిన నమూనా ఒకటి మీరు ఖాయం చేసి, అదే కొలతలతో కొట్టించుకోవడానికి ఏర్పాటు చేస్తే బండి ఒక పూట కంటే ఎక్కువ ఆగాల్సిన పని ఉండదు. మీరందరూ కలిస్తే అది పెద్ద ఖర్చా? ఉక్కు కర్మాగారం కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన నేల ఇది. ఇక్కడ ఒక ఇనుప బారు కరువైందంటే ఏ ముఖంతో నమ్మమంటారు?

ఇప్పుడు విడివిడిగా.

రవాణా శాఖ అధికారులారా, కొత్త రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సి ఇస్తున్నారు. ఎఫ్‌సి రోజున బారు ఉంటుంది. మర్నాటికి ఉండకపోవచ్చు. జనం మిమ్మల్ని ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లనే పిలుస్తారు. బండి ఆగుతుందా లేదా చూసేవాళ్లని ఆ పిలుపులో నమ్మకం ఉంది. ఆగిన బండి వెనక వచ్చేవాడు ఏమవుతాడో చూడటమూ ఆ పనిలో భాగమే. ప్రమాణానికి తగని స్థితిలో కనిపించిన బండి ఎఫ్‌సిని ఎప్పుడైనా, కారణం రాసి రద్దు చేసే అధికారం 56వ సెక్షన్ మీకిచ్చింది. బారు లేనందుకు ఆ అధికారాన్ని ఎన్నిసార్లు వాడారో ప్రజలకు చెప్పగలరా?

కలెక్టర్లారా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. గాజువాక ఒక జిల్లాలో, లంకెలపాలెం ఇంకో జిల్లాలో పడ్డాయి. ట్రైలర్‌కి ఆ సరిహద్దు తెలియదు. అరగంటలో ఒక జిల్లా దాటి ఇంకో జిల్లాలోకి వెళ్లిపోతుంది. మీ రెండు రోడ్డు భద్రతా కమిటీలూ ఒక్కసారైనా కలిసి కూర్చుని ఈ రోడ్డు గురించి మాట్లాడాలి. ఆ సమావేశానికి సరుకెక్కించే సంస్థల ప్రతినిధులు రావాలి. లారీ యజమానుల సంఘాలూ డ్రైవర్లూ కూడా రావాలి. డ్రైవరు లేకుండా ట్రైలర్ భద్రత గురించి చర్చించడం ఏం చర్చ?

ఇక గేట్లు మీ చేతిలో ఉన్న యాజమాన్యాలారా. మిగతావారందరికంటే మీ దగ్గరే నా విన్నపం పెద్దది, ఎందుకంటే మీ పనే అన్నిటికంటే సులువు. పోలీసు రోడ్డు మీద బండి ఆపాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు వెంటపడాలి. మీ దగ్గరికి బండి తనంతట తనే వస్తుంది, ఖాళీగా వస్తుంది, ఆగుతుంది. కొలవాల్సిన స్థితి కూడా అదే, ఖాళీ బండి. ప్రతి గేటు దగ్గరా 55 సెంటీమీటర్ల కర్ర ఒకటి పెట్టండి. బారు కింద ఆ కర్రను నిలువుగా జరిపి చూడండి. తగలకుండా కిందినుంచి వెళ్లిపోతే బారు ఎత్తుగా ఉన్నట్టే, సరిచేసుకొని రమ్మనండి. బారే లేకపోతే కర్రతో పని లేదు. రబ్బరు ముక్కను చేత్తో నొక్కి చూడండి. వెనక ఇనుము తగలకపోతే అది లెక్కలోకి రాదు. బకెట్టు నీళ్లు, ఒక గుడ్డ పెట్టి వెనక పట్టీ తుడిపించండి. వెనక లైటు వెలుగుతోందో లేదో బ్రేకు తొక్కించి చూడండి. ఇదంతా కాటా మీద బండి నిలబడే ఆ కొద్ది నిమిషాల్లో అయ్యే పని. లోడు ఇవ్వననే ఒక్క మాట జరిమానా కంటే వేగంగా పనిచేస్తుందని మీకూ తెలుసు, యజమానికీ తెలుసు.

ముందుగా ఒక తేదీ ప్రకటించండి. రెండు మూడు నెలల గడువివ్వండి. ఆ తేదీ తరువాత బారు లేని ట్రైలర్‌కి ఏ గేటూ లోడు ఇవ్వదని మీరంతా కలిసి ఒకే మాట చెప్పండి. ఒక గేటు కచ్చితంగా ఉండి పక్క గేటు చూసీచూడనట్టు పోతే, కచ్చితంగా ఉన్న గేటే నష్టపోతుంది. అందుకే అందరూ ఒకేరోజు మొదలుపెట్టాలి. వెనక్కి పంపిన బండ్ల సంఖ్య, కారణం ప్రతి నెలా గేటు బోర్డు మీద రాయండి, తెలుగులో, డ్రైవర్లు చదవగలిగేటట్టు హిందీలో కూడా.

మీ నిర్ణయం ఏమిటో, ఏ తేదీ నుంచో, బారు చూసే బాధ్యత ప్రతి గేటు దగ్గరా ఏ హోదా ఉద్యోగిదో పత్రికల ద్వారా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. కాదంటే, ఎందుకు కాదో కూడా ఈ ఊరి ప్రజలకు బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
గాజువాక వాసి ఒకరు
విశాఖపట్నం